మా మాటకు పోలీసు తాత్పర్యం

తెలుగు బడుల్లో పద్యం చెప్పేటప్పుడు ముందు ప్రతిపదార్థం చెప్తారు, ఆ తర్వాత తాత్పర్యం. ఏ మాటకు ఏ అర్థమో విడివిడిగా చూసుకున్నాకే కవి ఏమన్నాడో తేలుతుంది. ముస్లిం నోటి మాట దగ్గరికొచ్చేసరికి ఈ దేశంలో ఆ వరస తిరగబడింది. తాత్పర్యం ముందే రాసిపెట్టి ఉంటుంది: రెచ్చగొట్టడం, విద్వేషం, కుట్ర, దేశసమగ్రతకు ముప్పు. వీటిలో ఏదో ఒకటి. ప్రతిపదార్థం తర్వాత తీరిగ్గా వెతుక్కుంటారు. దొరక్కపోయినా ఫరవాలేదు, అప్పటికి మనిషి లోపల ఉంటాడు.

వాక్‌స్వాతంత్ర్యం గురించి రాసేవాళ్లు చాలామంది రాజ్యాంగం పంతొమ్మిదో అధికరణంతో మొదలుపెడతారు. నేను ఒక ఉర్దూ నజ్మ్‌తో మొదలుపెడతాను. చట్టం పుస్తకంలో ఎలా ఉందనే దానికంటే అది ఒక కవితను ఎలా చదివిందనేదే మాబోటివాళ్లకు ముఖ్యం.

1

2024 డిసెంబర్ చివర్లో గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో సామూహిక వివాహాలు జరిగాయి. కాంగ్రెస్ రాజ్యసభ సభ్యుడు, ముషాయిరాల్లో పేరున్న శాయర్ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ ఆ పెళ్లిళ్లకు వెళ్లాడు. జనం ఆయన మీద పూలు చల్లుతున్న 46 సెకన్ల వీడియో ఒకటి, దాని వెనక వినిపించే నజ్మ్ ఒకటి. దాన్ని ఆయన సోషల్ మీడియాలో పెట్టుకున్నాడు. 2025 జనవరి 3న పోలీసులు కేసు కట్టారు. వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం, జాతీయ సమైక్యతకు భంగం కలిగించడం, మతభావాలను గాయపరచడం అంటూ కొత్త న్యాయ సంహితలోని సెక్షన్లు వరసగా పేర్చారు.

ఆ నజ్మ్‌లో ఏ మతం పేరూ లేదు. ఏ కులం పేరూ లేదు. నెత్తురు దాహంతో ఉన్నవాళ్లను పిలిచి, హక్కు కోసం చేసే పోరాటంలో అన్యాయం ఎదురైతే దాన్ని ప్రేమతోనే ఎదుర్కొంటామని చెప్పే కవిత అది. జనవరి 17న గుజరాత్ హైకోర్టు కేసు కొట్టెయ్యడానికి ఒప్పుకోలేదు. కవిత ధోరణి చూస్తే గద్దె గురించి ఏదో అంటున్నట్టుందని గమనించింది. ఇప్పుడు చెప్పండి, గద్దె మాట ఎత్తని కవి తెలుగులో ఎంతమంది ఉన్నారు? మన కవులు గద్దెలు దిగమన్నారు, కూలుస్తామన్నారు, కాలుస్తామన్నారు.

2025 మార్చి 28న సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేసింది. జస్టిస్ అభయ్ ఓక, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ఇచ్చిన ఆ తీర్పును సాహిత్యంతో సంబంధమున్న ప్రతివాళ్లూ చదవాలి. అందులో కోర్టు చేసిన మొదటి మంచి పని కవితను మొత్తంగా చదవడం. ఒక్క మాటను పట్టుకుని లాగలేదు. రెండోది పాఠకుడి గురించి చెప్పడం. ఒక మాట ఎవరినైనా రెచ్చగొడుతుందా అని చూసేటప్పుడు స్థిరమైన బుద్ధి, ధైర్యం ఉన్న మామూలు మనిషిని కొలతగా పెట్టుకోవాలంది. ప్రతి విమర్శలోనూ ముప్పును చూసే పిరికివాణ్ణి, మనసు నిలకడలేనివాణ్ణి కొలతగా పెట్టుకోవద్దంది. ఇది అచ్చంగా సాహిత్య విమర్శే. మూడోది, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే మాటల నేరాల్లో కేసు కట్టేముందు ప్రాథమిక విచారణ చెయ్యడమే సరైన పద్ధతని పోలీసులకు చెప్పడం. ఎఫ్ఐఆర్ రాసే చెయ్యి ముందు ఆ కవితను చదవాలన్న మాట.

తీర్పు మంచిదే. అయినా రెండు సంగతులు దానిలో నాకు కొరుకుడు పడడం లేదు.

ఒకటి, ఆ కవి పార్లమెంటు సభ్యుడు. మూడు నెలల్లో ఢిల్లీ దాకా వెళ్లగలిగాడు. కరీంనగర్‌లోనో కర్నూలులోనో సెల్‌ఫోన్ రిపేర్ షాపు నడుపుకునే పిల్లగాడు స్టేటస్‌లో నాలుగు లైన్లు పెట్టుకుంటే? వాడికి సుప్రీంకోర్టు అంటే టీవీలో కనబడే గుమ్మటం. వాడి చదువు ఎస్ఐ దగ్గరే మొదలై ఎస్ఐ దగ్గరే ముగుస్తుంది. పైగా తప్పుడు కేసు కట్టిన పోలీసులకు ఈ తీర్పులో శిక్షేమీ పడలేదు.

రెండోది ఇంకా లోతైంది. జనానికి ఎక్కువమందికి నచ్చకపోయినా మాట్లాడే హక్కును కాపాడాలని కోర్టు అన్నది, నిజమే. కానీ ఆ కవిత గట్టెక్కడానికి దొరికిన ఆసరా దానిలోని ప్రేమ, అహింస. ప్రేమతో అనకుండా కోపంగా అని ఉంటే? ఇళ్లు బుల్డోజర్లతో కూల్చిన చోట నిలబడి ఒక శాయర్ తిట్టుపాట కడితే? ముస్లిం కవి ఎప్పుడూ చేతులు జోడించి, కళ్లు వాల్చి, ప్రేమ ప్రేమ అంటుంటేనే ఆ మాటకు రక్షణా? కోపం తెచ్చుకునే హక్కు లేని స్వేచ్ఛ సగం స్వేచ్ఛే. దిగంబర కవికి కోపం ఉంది, దళిత కవికి కోపం ఉంది, స్త్రీవాద కవికి కోపం ఉంది. మాకెందుకు ఉండకూడదు?

2

‘ఇంక్విలాబ్’ అనే మాట తీసుకుందాం. తెలంగాణలో ఎర్రజెండా ఊరేగింపు చూసిన ప్రతి పిల్లవాడికీ ఈ మాట తెలుసు. ఉద్యోగుల ధర్నాలో వినిపిస్తుంది, అంగన్‌వాడీ టీచర్ల సమ్మెలో వినిపిస్తుంది. ‘ఇంక్విలాబ్ జిందాబాద్’ నినాదాన్ని 1921లో ఇచ్చింది మౌలానా హస్రత్ మోహానీ. తన పత్రికలో అచ్చువేసిన వ్యాసానికి 1908లోనే రాజద్రోహం కింద జైలుకెళ్లినవాడు, తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నవాడు. భగత్‌సింగ్ నోటి నుంచి ఆ నినాదం దేశమంతా పాకింది.

2020 ఫిబ్రవరి 17న అమరావతిలో (మన అమరావతి కాదు, మహారాష్ట్రలోది) ఉమర్ ఖాలిద్ మాట్లాడాడు. హింసకు హింసతో బదులివ్వం, ద్వేషానికి ప్రేమతో బదులిస్తాం అన్నాడు. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో ఢిల్లీ అల్లర్ల కుట్ర కేసులో చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం కింద అరెస్టయ్యాడు. 2022 అక్టోబర్‌లో ఢిల్లీ హైకోర్టు అతనికి బెయిల్ నిరాకరిస్తూ, అతని ప్రసంగంలోని ‘ఇంక్విలాబీ సలాం’, ‘క్రాంతికారీ ఇస్తెక్‌బాల్’ అనే మాటల మీద వ్యాఖ్యానం చేసింది. విప్లవం ఎప్పుడూ రక్తపాతం లేకుండా ఉండదని, ఆ పిలుపు ఎదురుగా ఉన్న జనాన్ని దాటి పోతుందని అంది. ఫ్రెంచి విప్లవకాలపు రోబెస్పియర్‌ను కూడా తెచ్చింది. అదే తర్కంతో చూస్తే మన రాష్ట్రాల్లో సగం సంఘాల మహాసభలు కుట్రలే.

దీని పక్కన సుప్రీంకోర్టు 1995లో ఇచ్చిన బల్వంత్‌సింగ్ తీర్పు పెట్టి చూడండి. 1984లో ఇందిరాగాంధీ హత్య జరిగిన రోజున చండీగఢ్‌లో ఇద్దరు ఉద్యోగులు ఖలిస్తాన్ నినాదాలిచ్చారు. జనం పట్టించుకోలేదు, గొడవ జరగలేదు. రెండు మూడుసార్లు నినాదమిచ్చినంత మాత్రాన రాజద్రోహం కాదని కోర్టు వాళ్లను వదిలేసింది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా తేటగా చెప్పింది. చర్చ వేరు, ప్రచారం వేరు, ఉసిగొల్పడం వేరు. మూడోదాన్నే ప్రభుత్వం ఆపగలదు.

మరి ఇంత స్పష్టంగా ఉన్న సూత్రం ఎక్కడ జారిపోయింది? బెయిల్ దగ్గర జారిపోయింది. 2008 డిసెంబర్‌లో, ముంబై దాడుల తర్వాత, కాంగ్రెస్ ప్రభుత్వం ఆ చట్టానికి చేర్చిన సవరణ ప్రకారం, ఆరోపణ పైపైన నిజమనిపిస్తే చాలు, బెయిల్ ఇవ్వకూడదు. పోలీసులు చెప్పినదాన్ని ఆ దశలో పెద్దగా తవ్వి చూడొద్దని 2019లో సుప్రీంకోర్టు అన్నది. అంటే పోలీసు రాసిన తాత్పర్యమే విచారణ దాకా చెల్లుతుంది. విచారణ ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాలి. అదే కేసులో 2026 జనవరి 5న సుప్రీంకోర్టు ఐదుగురికి బెయిల్ ఇచ్చి ఉమర్ ఖాలిద్‌కూ షర్జీల్ ఇమామ్‌కూ ఇవ్వలేదు. అప్పటికే ఐదేళ్లు దాటింది. నేరం రుజువు కాకుండానే ఐదేళ్లు! టాడా 1995లో పోయింది, పోటా 2004లో పోయింది అని సంతోషించాం. వాటి ఆత్మలు ఈ చట్టంలోకి కాపురానికొచ్చాయి.

2025 మే నెలలో ప్రొఫెసర్ అలీఖాన్ మహ్మూదాబాద్ సంగతి చూశాం. ఆపరేషన్ సిందూర్ మీద ఆయన రాసిన ఫేస్‌బుక్ పోస్టుకు అరెస్టు చేశారు. సైనిక అధికారిణి కల్నల్ సోఫియా ఖురేషీని మెచ్చుకుంటున్నవాళ్లు మూకదాడులకు బలైనవాళ్ల గురించీ మాట్లాడాలి అన్నది ఆ పోస్టు. మూడు రోజులకు సుప్రీంకోర్టు మధ్యంతర బెయిల్ ఇచ్చింది. ఇస్తూ, ఆయన వాడిన భాషలోని చిక్కుముడిని అర్థం చేసుకోవడానికి ముగ్గురు ఐపీఎస్ అధికారులతో బృందాన్ని వెయ్యమంది. ఒక ఆచార్యుడు నాలుగు పేరాలు రాస్తే వాటి భావం తేల్చడానికి ముగ్గురు పోలీసు అధికారులు! మన విశ్వవిద్యాలయాల్లో సాహిత్య విమర్శ శాఖలు ఇంకెందుకు?

3

రాజద్రోహం పోయిందని కొందరు లౌకిక మిత్రులు ఊపిరి పీల్చుకున్నారు. 1870లో ఇంగ్లీషువాడు చేర్చిన 124ఎ సెక్షన్‌ను 2022 మేలో సుప్రీంకోర్టు పక్కన పెట్టించింది. తిలక్‌నూ గాంధీనీ జైల్లో పెట్టిన సెక్షన్ అది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులో ఆ పేరు లేదు. పేరు లేదు గానీ 152వ సెక్షన్ ఉంది. సార్వభౌమత్వం, ఐక్యత, సమగ్రతలకు ముప్పు తెచ్చే మాట, రాత, ఎలక్ట్రానిక్ సందేశం అన్నీ అందులో నేరమే. వేర్పాటు ‘భావాలను’ ప్రోత్సహించడం కూడా నేరమే. పాత సెక్షన్‌లో యావజ్జీవం వెయ్యకపోతే మూడేళ్లు పడేది. ఇప్పుడు ఏడేళ్లు పడొచ్చు. మహ్మూదాబాద్ మీద పెట్టింది ఈ సెక్షనే. వార్తల్లో అబద్ధాలు పట్టుకునే మహమ్మద్ జుబేర్ మీద 2024లో పెట్టిందీ ఇదే.

ఈ బిగింపు నిన్నా మొన్నా మొదలు కాలేదు. 1950లో అప్పటి మద్రాసు రాష్ట్రం, అంటే మన ఆంధ్ర జిల్లాలతో సహా, కమ్యూనిస్టు రమేశ్ థాపర్ నడిపే ‘క్రాస్ రోడ్స్’ను రానివ్వలేదు. ఢిల్లీలో ఆరెస్సెస్ పత్రిక ‘ఆర్గనైజర్’ మీద ముందస్తు సెన్సారు పెట్టారు. సుప్రీంకోర్టు ఒకే రోజు రెంటినీ కొట్టేసింది. మరుసటి ఏడాదే, 1951లో, మొదటి రాజ్యాంగ సవరణతో నెహ్రూ ప్రభుత్వం వాక్‌స్వాతంత్ర్యానికి ‘శాంతిభద్రతల’ ముడి వేసింది. ఆనాడు తన పత్రిక కోసం కోర్టుకెక్కినవాళ్ల రాజకీయ వారసులు ఈనాడు అదే ముడిని మా మెడ దగ్గర బిగిస్తున్నారు.

4

ఇక్కడిదాకా చదివి ముస్లిం పాఠకులు తల ఊపి ఉంటారు. ఇప్పుడు చెప్పబోయేదానికి కొందరు మొహం తిప్పుకోవచ్చు. అయినా చెప్పాలి.

ప్రతాప్‌గఢీ మీద పెట్టిన సెక్షన్లలో 299 ఒకటి. అది పాత 295ఎ. ఆ సెక్షన్ ఎలా పుట్టింది? 1924లో లాహోర్‌లో ప్రవక్తను కించపరుస్తూ ఒక పుస్తకం అచ్చయింది. ప్రచురించిన రాజ్‌పాల్‌ను 1927లో లాహోర్ హైకోర్టు విడిచిపెట్టింది. ఉన్న చట్టం ఆ పనికి వర్తించదంది. ముస్లింలు వీధుల్లోకొచ్చారు. అదే ఏడాది కొత్త సెక్షన్ వచ్చింది. ఆ బిల్లు చర్చలో జిన్నాయే హెచ్చరించాడు, మతం మీద నిజాయితీగా చేసే విమర్శకూ చరిత్ర పరిశోధనకూ దీనివల్ల దెబ్బ తగలకూడదని. సెక్షన్ వచ్చినా రాజ్‌పాల్ బతకలేదు. 1929లో పొడిచి చంపారు. చట్టం చేస్తే కోపం చల్లారుతుందన్న వాదన రెండేళ్లు కూడా నిలవలేదు.

పాకిస్తాన్ ఆ సెక్షన్‌కు 1980ల్లో తోకలు తగిలించి మరణశిక్ష దాకా పెంచింది. అక్కడ దానికి ఎవరు బలవుతున్నారు? 2011లో చట్టాన్ని మార్చాలన్నందుకు చనిపోయిన పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్ ముస్లిమే. 2017లో మర్దాన్ విశ్వవిద్యాలయంలో తోటి విద్యార్థులు కొట్టి చంపిన మషాల్ ఖాన్ ముస్లిమే. అదే 2017లో మన కోయంబత్తూరులో నాస్తికుడైన ఒక ముస్లిం యువకుణ్ణి ముస్లింలే నరికారు.

ఇక్కడ మనం ఏం చేశాం? 1988 అక్టోబర్‌లో రష్దీ పుస్తకం రాకుండా రాజీవ్‌గాంధీ ప్రభుత్వం ఆపితే గెలిచామనుకున్నాం. 2024 నవంబర్‌లో ఆ నిషేధపు కాగితం చూపించమని ఢిల్లీ హైకోర్టు అడిగితే ఏ ఆఫీసులోనూ దొరకలేదు. లేనట్టే లెక్క అంది కోర్టు. ముప్పైఆరేళ్లు ఎవరికీ దొరకని కాగితానికి కాపలా కాశాం! ఈలోగా మన బస్తీల్లో బడులు, దవాఖానాలు ఎన్ని వచ్చాయో లెక్క చూసుకోండి.

2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో తస్లీమా నస్రీన్ పుస్తకం తెలుగు అనువాదం విడుదలవుతుంటే మజ్లిస్ ఎమ్మెల్యేలు, కార్యకర్తలు మీదపడ్డారు. పూలకుండీలు, కుర్చీలు విసిరారు. దాడికి గురైన ఆమె మీదే మళ్లీ విద్వేషం పెంచిందని కేసు పెట్టించారు. 153ఎ! సరిగ్గా మన పిల్లల మీద పెట్టే సెక్షనే. ఒక ఒంటరి ఆడమనిషి మీద మన ఎమ్మెల్యేలు తిప్పిన ఆయుధం మన ఇంటి మీదికి రాదని ఎలా అనుకున్నాం?

హుసేన్ బతుకు చూస్తే ఇంకా అర్థమవుతుంది. ఎం.ఎఫ్. హుసేన్ హైదరాబాద్‌ను ప్రేమించి సినిమా తీశాడు, ‘మీనాక్షి’. 2004లో అందులో ఒక పాటలో ఖురాన్ మాటలు వాడాడని మన ఉలేమాలు గొడవ చేస్తే ఆ సినిమాను తనే థియేటర్ల నుంచి తీయించేశాడు. దేవతల బొమ్మలు వేశాడని హిందూత్వవాళ్లు దేశమంతా కేసులు పెట్టి 2006లో దేశం విడిచిపోయేలా చేశారు. 2008లో ఢిల్లీ హైకోర్టు కేసులు కొట్టేసినా ఆయన తిరిగి రాలేకపోయాడు. 2011లో లండన్‌లో పోయాడు. ఇద్దరూ వాడిన మాట ఒక్కటే, ‘మనోభావాలు’. దాన్ని కొలిచే త్రాసు లేదు. ఎవరి దగ్గర జనం ఎక్కువుంటే, ఎవరి దగ్గర పోలీసులుంటే వాళ్ల మనోభావాలే గాయపడతాయి. పది మందిలో ఒక్కడిగా ఉన్నవాడు ఆ పోటీకి దిగడమే తెలివితక్కువతనం.

5

అయితే మమ్మల్ని ఎవరేమన్నా పడుండాలా? అది కాదు నేననేది. మనసు నొప్పించడం వేరు, మనిషిని చంపమనడం వేరు. 2021 డిసెంబర్‌లో హరిద్వార్ ధర్మసంసద్‌లో ముస్లింలను చంపాలని వేదిక మీద నుంచి పిలుపునిచ్చారు. అది నొప్పించడం కాదు, ఉసిగొల్పడం. దాన్ని ఆపడానికి సెక్షన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. విద్వేష ప్రసంగాల మీద ఫిర్యాదు లేకపోయినా కేసు కట్టాలని సుప్రీంకోర్టు 2022 అక్టోబర్‌లో మూడు చోట్లకు, 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. చెప్పాల్సి వచ్చిందంటేనే తెలుస్తోంది, అప్పటిదాకా ఎవరూ కదల్లేదని. అదే చట్టం ఇండోర్‌లో ఎంత చురుగ్గా కదిలిందో చూడండి. 2021 జనవరి 1న మునవ్వర్ ఫారూఖీని అతను ఇంకా చెప్పని జోకులకు అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చేదాకా నెల రోజులకు పైగా జైల్లో ఉన్నాడు.

ఆ ఫారూఖీయే 2022 ఆగస్టులో హైదరాబాద్‌లో ప్రదర్శన ఇచ్చాడు. ఇవ్వనివ్వనన్న గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ ప్రవక్త మీద వీడియో పెట్టాడు. పాతబస్తీ అట్టుడికింది. ప్రభుత్వం ఆయన్ను పీడీ చట్టం కింద జైల్లో వేసింది. ఆ గొడవల్లోనే తల నరకమనే నినాదాలిప్పించాడని ఒక ముస్లిం యువకుణ్ణి కూడా అదే చట్టం కింద వేసింది. నవంబర్‌లో హైకోర్టు రాజాసింగ్ నిర్బంధాన్ని కొట్టేసింది.

మనవాళ్లు చాలామంది ఆ పీడీ కేసుకు సంబరపడ్డారు. సంబరపడాల్సింది ఏముంది? పీడీ చట్టమంటే విచారణ లేకుండా ఏడాది దాకా లోపల ఉంచడం. 1971లో జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజులను కవిత్వం రాసినందుకు లోపలేసింది పీడీ చట్టం కిందే. తెలంగాణ ప్రభుత్వం ఈ చట్టాన్ని ఎడాపెడా వాడుతోందని 2023లో సుప్రీంకోర్టు గట్టిగా మందలించింది. రాజాసింగ్ మీద మామూలు చట్టం కింద కేసు నడిపి, సాక్ష్యం చూపించి, శిక్ష వేయించమని అడగాలి. తల నరకమని అరిపించినవాడి మీదా అంతే. అది ఈమాన్ కాదు, హత్యకు పిలుపు. ఇద్దర్నీ ఒకే కొలతతో చూడలేకపోతే మన వాదనకు బలం లేదు.

6

చివరిగా సెక్యులర్ తెలుగు మిత్రులతో ఒక మాట.

1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు కాల్చి, రాసే చెయ్యి నరికారు. మీరు ఆయన్ను ఏటా తలుచుకుంటారు, మంచిదే. 2001లో నల్లగొండలో పౌరహక్కుల సంఘం నాయకుడు ఆజం అలీని నడివీధిలో నరికి చంపారు. ఆయన్ను హక్కుల కార్యకర్తలు తప్ప ఎవరు తలుచుకుంటున్నారు? తన మతంవాళ్లను ఎదిరించి చనిపోయిన ముస్లిం మీకు తొందరగా అర్థమవుతాడు. రాజ్యాన్ని ఎదిరించి చనిపోయిన ముస్లిం అంత తొందరగా అర్థం కాడు. 2005లో విరసాన్ని నిషేధిస్తే తెలుగు రచయితలు కదిలారు, నిషేధం నిలవలేదు. 2007లో మక్కామసీదు పేలుడు తర్వాత పాతబస్తీ కుర్రాళ్లను ఎత్తుకెళ్లి చిత్రహింసలు పెట్టారు. వాళ్లు నిర్దోషులని తర్వాత తేలింది. అప్పుడు హక్కుల సంఘాలు మాట్లాడినంతగా సాహిత్య సభలు మాట్లాడలేదు. బాలగోపాల్ లాంటివాళ్లు మాత్రం హక్కు అనేది మంచివాడికీ, మనవాడికీ మాత్రమే ఉండేది కాదని జీవితాంతం చెప్తూ పోయారు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’తో, 1998లో ‘జల్‌జలా’తో తెలుగులో ముస్లిం తన గురించి తాను మాట్లాడటం మొదలుపెట్టాడు. మేమెవరమో చెప్పుకున్నాం. ఆ చెప్పుకునే హక్కును కాపాడుకోవడం ఇప్పటి పని. అందుకు ముస్లిం రచయితలు చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎంత నొప్పి కలిగినా ఒక పుస్తకం మీద, ఒక బొమ్మ మీద, ఒక సినిమా మీద 299 కింద ఫిర్యాదు చెయ్యబోమని బహిరంగంగా చెప్పాలి. ఆ సెక్షన్ తీసెయ్యమని అడిగేవాళ్లలో ముందుండాలి. జవాబు రాయాలి, ఘాటుగా రాయాలి, తెలుగులో రాయాలి. రేపు ఒక తస్లీమా హైదరాబాద్ వస్తే ఆమె వేదిక ముందు అడ్డంగా నిలబడాలి. అప్పుడు ఉమర్ ఖాలిద్ కోసం మనమెత్తే గొంతుకు జవాబు చెప్పడం ఎవరికైనా కష్టమవుతుంది.

మీ వైపు నుంచి అడిగేది ఒక్కటే. ముస్లిం కోపంగా మాట్లాడినప్పుడు ముందు ప్రతిపదార్థం చూడండి. పోలీసు చెప్పిన తాత్పర్యంతో మా దగ్గరికి రావద్దు.